బీఎస్-6 డీజిల్‌లో జిడ్డు లేదంటున్నారు, పంపులు పోతున్నది అందుకేనా?

తాడిపత్రి టిప్పర్ (తాడిపత్రి)
అందరికీ నమస్కారం. మాకు ఒక క్రషర్, దాని కింద ఆరు టిప్పర్లు, రెండు ఎక్స్‌కవేటర్లు, ఒక వీల్ లోడర్, ఒక జనరేటర్ ఉన్నాయి. టిప్పర్లలో సగం పాతవి, సగం బీఎస్-6 (2020లో వచ్చిన కొత్త పొగ నిబంధనల బండ్లు). టిప్పర్లకు బంకులోనే పట్టిస్తాం. క్వారీలో ఉండే బండ్లకు మాత్రం డ్రమ్ముల్లో డీజిల్ తెప్పించి అక్కడే పోస్తాం.

2022లో కొన్న ఎక్స్‌కవేటర్‌కు మొన్న హైప్రెషర్ పంపు పోయింది. ఇంజెక్టర్లు కూడా మార్చాలన్నారు. ఖర్చు లక్షల్లో ఉంది. పంపు విప్పిన మెకానిక్ "ఇప్పుడొచ్చే డీజిల్‌లో సల్ఫర్ తీసేశారు, దాంతోపాటే జిడ్డు కూడా పోయింది. పంపు ఎండిపోయి అరిగిపోతోంది. ట్యాంకుకు ఒక లీటరు టూ-టీ ఆయిల్ (పాత స్కూటర్ల పెట్రోల్‌లో కలిపేది) కలపండి" అన్నాడు. కంపెనీ సర్వీస్ ఇంజనీరేమో "ఏమీ కలపొద్దు, కలిపితే వారంటీ ఉండదు" అంటున్నాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. అసలు ఈ తక్కువ సల్ఫర్ డీజిల్ సంగతి తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. రెండో ఎక్స్‌కవేటర్‌కు కూడా ఇదే జరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నాజిల్ షాప్ (ప్రొద్దుటూరు)
అన్నా, మీ మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. నేను పాత మైకో కంపెనీ ఇన్‌లైన్ పంపుల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. ఇన్‌లైన్ పంపులో క్యామ్ భాగానికి ఇంజిన్ ఆయిల్ అందుతుంది. రోటరీ పంపుకు, ఇప్పటి చాలా కామన్ రైల్ పంపులకు (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చేవి) అలాంటిది ఉండదు. లోపల తిరిగే ప్రతి ముక్కకూ డీజిలే ఆయిల్. డీజిల్‌లో జిడ్డు తగ్గితే అరగకుండా ఎలా ఉంటుంది? 2020లో కొత్త డీజిల్ వచ్చిన కొత్తలో మా షాపుకు పాత రోటరీ పంపులు సీళ్ల దగ్గర కారుతూ వరుసగా వచ్చాయి. అది నేను కళ్లారా చూసిన సంగతి.

ఉరవకొండ రైతు (ఉరవకొండ)
నాది 35 హార్స్‌పవర్ పాత ట్రాక్టర్. ఊర్లో అందరూ టూ-టీ కలపమనే చెబుతున్నారు. నేనూ ఈ సమాధానం కోసమే చూస్తున్నా.

డిపో రిటైర్డ్ (కర్నూలు)
నేను ఆయిల్ కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

సల్ఫర్ ఎందుకు తగ్గించారో ముందు చూద్దాం. 1990ల మొదట్లో మన దేశంలో డీజిల్‌లో సల్ఫర్ 10,000 పీపీఎం వరకు ఉండేది. పీపీఎం అంటే కిలో డీజిల్‌లో ఎన్ని మిల్లీగ్రాములని లెక్క. 2010లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకు 50 పీపీఎం డీజిల్ ఇచ్చారు. మిగతా దేశానికి 350. దేశమంతా 50కి వచ్చింది 2017 ఏప్రిల్ 1న. బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-6కు పోదామని 2016లో నిర్ణయించారు. ఢిల్లీకి 2018 ఏప్రిల్‌లోనే 10 పీపీఎం డీజిల్ వచ్చింది, మనకు 2020 ఏప్రిల్ 1న. అమెరికాలో ఈ రకం డీజిల్‌కు పరిమితి 15 పీపీఎం, యూరప్‌లో 10.

మీ టిప్పర్ లెక్కలో చెబుతాను. వంద లీటర్ల డీజిల్ సుమారు 83 కిలోలు. 10,000 పీపీఎం ఉన్నప్పుడు ఆ వంద లీటర్లలో 830 గ్రాముల సల్ఫర్ కాలేది. 350 ఉన్నప్పుడు 29 గ్రాములు. ఇప్పుడు ఒక గ్రాము కూడా లేదు. ఆ సల్ఫర్ కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, కొంత సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి ఇంజిన్ ఆయిల్‌లో చేరుతుంది. కొత్త బండ్ల సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే, ప్లాటినం, పల్లాడియం పూసిన క్యాటలిస్టు ఉంటుంది. సల్ఫర్ దాన్ని చెడగొడుతుంది. అంటే బీఎస్-6 బండి నడవాలంటే బీఎస్-6 డీజిల్ ఉండి తీరాలి. పాత బండికి ఈ డీజిల్ పోస్తే పాత సీళ్ల ఇబ్బంది తప్ప ఏమీ కాదు. కొత్త బండికి ఎక్కువ సల్ఫర్ ఉన్నది పోస్తేనే ప్రమాదం.

ఇక జిడ్డు గురించి. నిజానికి డీజిల్‌కు జిడ్డు ఇచ్చేది సల్ఫర్ కాదు. డీజిల్‌లో సహజంగా కొన్ని ఆక్సిజన్, నైట్రోజన్ కలిసిన పదార్థాలు అతి కొద్దిగా ఉంటాయి. అవి ఇనుము మీద సన్నని పొరలా అంటుకుని అరుగుదలను ఆపుతాయి. రిఫైనరీలో ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్ పంపి, క్యాటలిస్టు మీదుగా నడిపి సల్ఫర్ తీస్తారు. ఆ దెబ్బకు ఈ పదార్థాలు కూడా పోతాయి. కాబట్టి సల్ఫర్ తీసిన డీజిల్‌ను అలాగే వాడితే పంపు అరుగుతుందన్న మాట నిజం. కానీ అలాగే ఎవరూ అమ్మరు. జిడ్డు పెంచే యాడిటివ్ కలిపిన తర్వాతే బయటికి పంపుతారు.

దానికి పరీక్ష కూడా ఉంది. 60 డిగ్రీల వేడిలో, డీజిల్‌లో మునిగిన పలక మీద చిన్న ఉక్కు గోళీని 75 నిమిషాలు రుద్దుతారు. గోళీ మీద పడిన అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటకూడదు. మన ఐఎస్ 1460 ప్రమాణంలో ఉన్న షరతు ఇది. అమెరికాలో 520 వరకు ఒప్పుకుంటారు, మనది అంతకంటే గట్టిది. డిపో నుంచి బయటికొచ్చిన డీజిల్‌లో జిడ్డు లేదనడం సరికాదు. తర్వాత దారిలో, బంకులో, డ్రమ్ములో ఏం జరిగిందన్నదే చూడాలి.

నాజిల్ షాప్ (ప్రొద్దుటూరు)
సార్, ల్యాబ్ మాట సరే. మరి సీళ్లు ఎందుకు కారాయి? యాడిటివ్ ఉంటే కారకూడదు కదా?

డిపో రిటైర్డ్ (కర్నూలు)
మీరు చూసింది నిజమే, కారణం మాత్రం జిడ్డు కాదు. హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత పంపుల్లోని నైట్రైల్ రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి ఆ పదార్థాలను పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. కొత్త డీజిల్ తగలగానే కుంచించుకుపోతాయి, వయసైన రబ్బరు మళ్లీ సాగలేక కారుతుంది. 1990ల్లో అమెరికాలో డీజిల్ మార్చినప్పుడూ ఇదే జరిగింది. విటాన్ అనే వేరే రకం రబ్బరు సీళ్లు వేస్తే ఆ తలనొప్పి పోతుంది. ఉరవకొండ రైతు అన్నా, మీ ట్రాక్టర్‌కూ ఇదే మాట. పంపు కారుతుంటే సీళ్లు మార్పించండి. కారకపోతే ఏమీ చేయక్కర్లేదు, టూ-టీ అసలే వద్దు.

నాజిల్ షాప్ (ప్రొద్దుటూరు)
విటాన్ వేసినవి మళ్లీ మా షాపుకు రాలేదన్నది మాత్రం నిజం సార్. అది ఒప్పుకోవాల్సిందే.

బేతంచెర్ల బండలు (బేతంచెర్ల)
టూ-టీ ఎందుకు వద్దో కూడా చెప్పండి సార్. మా దగ్గర కొందరు తీసేసిన ఇంజిన్ ఆయిల్‌నే గుడ్డలో వడకట్టి కలుపుతున్నారు.

డిపో రిటైర్డ్ (కర్నూలు)
తీసేసిన ఇంజిన్ ఆయిల్ కలపడం అన్నిటికంటే చెడ్డది. దాంట్లో జింక్, కాల్షియం, ఫాస్ఫరస్ ఉంటాయి. అవి కాలిపోవు, బూడిదగా మిగులుతాయి. బీఎస్-6 బండి సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్‌లో ఆ బూడిద కూర్చుంటే ఇక కదలదు. ఇంకా ఆ ఆయిల్‌లో లోహపు రజను ఉంటుంది, గుడ్డకు అది ఆగదు. ఇంజెక్టర్ లోపలి సందులు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే.

టూ-టీ అంత ఘోరం కాదు గానీ, అది పెట్రోల్‌లో కలిసి కాలడానికి చేసిన ఆయిల్. దాంట్లో సల్ఫర్ ఎంతుందో డబ్బా మీద రాయరు. చౌక రకం మినరల్ ఆయిల్‌లో 3000 పీపీఎం ఉందనుకుందాం. 200 లీటర్ల డీజిల్‌లో ఒక లీటరు పోస్తే 15 పీపీఎం పెరుగుతుంది. 10 ఉండాల్సిన చోట 25 అయింది. పాత ట్రాక్టర్‌కు ఆ తేడా పెద్దగా తెలియదు, కొత్త ఎక్స్‌కవేటర్‌కు అది క్యాటలిస్టు ఖర్చు. ఇప్పటికే యాడిటివ్ ఉన్న డీజిల్‌కు మళ్లీ జిడ్డు చేరిస్తే వచ్చే లాభమూ లేదు.

తాడిపత్రి టిప్పర్ (తాడిపత్రి)
ఇంత ఓపికగా చెప్పినందుకు ధన్యవాదాలు సార్. విప్పిన పంపు ఫోటోలు పెడుతున్నాను. ప్లంజర్ (పంపు లోపల పైకీ కిందకీ కదిలే కడ్డీ) మీద నిలువు గీతలు కనిపిస్తున్నాయి. లోపలి భాగంలో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలున్నాయి, చేత్తో తడిమితే చిన్న గుంటల్లా తగులుతున్నాయి. ఫిల్టర్ గిన్నె అడుగున ఎర్రటి బురద లాంటిది దొరికింది.

నాజిల్ షాప్ (ప్రొద్దుటూరు)
ఫోటోలు పెట్టారు కాబట్టి ఇక వాదన అక్కర్లేదు అన్నా. విప్పిన ముక్కే చెబుతుంది.

జిడ్డు చాలక పోయిన పంపులో ముక్కలు ఒకదానికొకటి రాసుకుని మెరుస్తాయి, లోహం పూసినట్టు మరకలు పడతాయి, కొన్నిచోట్ల వేడికి నీలం రంగు తిరుగుతుంది. కిరోసిన్ కలిసిన డీజిల్ పోసిన పంపుల్లో నేను ఎక్కువగా చూసేది అదే. మీ దాంట్లో అది లేదు. గోధుమరంగు గుంటలంటే తుప్పు, నీళ్లు పోయాయి. నిలువు గీతలంటే గట్టి దుమ్ము, అది ప్లంజర్‌తోపాటు పైకీ కిందకీ పోయి గీరింది. ఫిల్టర్‌లో ఎర్రమట్టి దొరికిందని మీరే చెబుతున్నారు. కామన్ రైల్‌లో 1600 బార్, 2000 బార్ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీటి బొట్టు ఇంజెక్టర్ మొనను పగలగొడుతుంది. పాత ఇన్‌లైన్ పంపు ఈ మురికిని కొంతకాలం భరించేది, ఇవి ఒక్క సీజన్ కూడా భరించవు. మీ డీజిల్ బంకులో బాగుండి డ్రమ్ములో చెడిపోయిందని నా లెక్క.

టూ-టీ గురించి సార్ చెప్పింది కూడా సరైనదే. కొత్త బండ్లకు నేనూ ఇక చెప్పను.

తాడిపత్రి టిప్పర్ (తాడిపత్రి)
మా డ్రమ్ములు క్వారీ షెడ్డు బయట నిలబెట్టి ఉంటాయి. చేతి పంపుతో తోడి క్యాన్లలో పట్టి పోస్తారు. క్రషర్ దుమ్ము గురించి చెప్పక్కర్లేదు, మీ అందరికీ తెలిసిందే. కానీ మూతలు బిగించే ఉంటాయి. నీళ్లు ఎలా పోతాయి?

బేతంచెర్ల బండలు (బేతంచెర్ల)
మూత బిగించినా పోతాయి. డ్రమ్మును నిలబెడితే పైన అంచు లోపల వాన నీళ్లు నిలుస్తాయి. మధ్యాహ్నం మన ఎండకు డ్రమ్ము కాలి లోపలి గాలి బయటికి పోతుంది. సాయంత్రం వానపడి చల్లబడగానే అదే మూత సందులోంచి గాలితోపాటు ఆ నిలిచిన నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మన దగ్గర పగలు ఎండ, రాత్రి వాన కదా, అప్పుడే ఎక్కువ.

మేము చేసేది చెబుతా. డ్రమ్ములను నీడలో, చెక్క దుంగల మీద పడుకోబెడతాం. రెండు మూతలూ ఒకే ఎత్తులో, రెండూ డీజిల్‌లో మునిగి ఉండేలా తిప్పి పెట్టాలి. అప్పుడు మూతల దగ్గర గాలి ఉండదు, పీల్చుకునే పని ఉండదు. వాడాల్సిన డ్రమ్మును ముందురోజే నిలబెట్టి కదలకుండా ఉంచుతాం, మురికి కిందికి దిగుతుంది. తోడే గొట్టం అడుగుకు తగలకుండా నాలుగు వేళ్లు పైనే ఉంటుంది. అడుగున మిగిలింది బండికి పోయం. ఆ నాలుగు వేళ్ల డీజిల్ మీద ఆశపడినవాళ్లే పంపు షాపుకు పోతున్నారు.

ఇంకొకటి. డీజిల్ ట్యాంకుకు, గొట్టాలకు జీఐ (జింక్ పూసిన ఇనుము) వాడొద్దు. ఆ జింక్ పూత డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థమై ఫిల్టర్లు మూసుకుపోతాయి. రాగి గొట్టం కూడా డీజిల్‌ను త్వరగా పాడుచేస్తుంది. మామూలు ఉక్కు లేదా అల్యూమినియం వాడండి. సాయంత్రం పని అయ్యాక బండి ట్యాంకు నింపి పెడితే లోపల గాలికి చోటుండదు, తేమ పట్టదు. పొద్దున స్టార్ట్ చేసే ముందు వాటర్ సెపరేటర్ మర తిప్పి నీళ్లు వదలాలి. ఆపరేటర్లకు ఇది అలవాటు చేయడమే కష్టం, చేశాక మాత్రం వాళ్లే చేస్తారు.

డిపో రిటైర్డ్ (కర్నూలు)
చాలా బాగా చెప్పారు. దానికి కొంచెం కలుపుతాను. డీజిల్, నీరు కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, నల్లటి జిగట పదార్థం తయారవుతుంది. సల్ఫర్ ఎక్కువున్న రోజుల్లో అది కొంత తక్కువ. ఇప్పుడు డీజిల్‌లో 7 శాతం వరకు బయోడీజిల్ కలపడానికి ప్రమాణం ఒప్పుకుంటుంది. బయోడీజిల్ జిడ్డును పెంచుతుంది, మంచిదే, కానీ నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది. కాబట్టి నెలల తరబడి నిల్వ పెట్టే పద్ధతి మానుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. సల్ఫర్ తీసిన డీజిల్‌లో కరెంటు ప్రవహించే గుణం బాగా తగ్గుతుంది. అందుకని గొట్టంలో వేగంగా పోసినప్పుడు పుట్టే స్టాటిక్ తొందరగా పోదు. అంతకుముందు పెట్రోల్ పోసిన ట్యాంకులోకి వెంటనే డీజిల్ పోయడం చాలా ప్రమాదం. నాజిల్‌ను ట్యాంకు మూతికి ఆనించి ఉంచండి. బౌజర్ (డీజిల్ తెచ్చే ట్యాంకర్ బండి) నుంచి పోసేటప్పుడు ఎర్తింగ్ వైరు తగిలించండి. మొదట్లో నెమ్మదిగా వదలండి. ప్లాస్టిక్ క్యాన్‌ను బండి మీద పెట్టి నింపొద్దు, నేల మీద పెట్టి నింపాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ క్లాస్-బి. ఒక చోట మొత్తం 2500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1000 లీటర్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించితే లైసెన్సు కావాలి.

ఎర్రగుంట్ల సిమెంట్ లోడ్ (ఎర్రగుంట్ల)
సార్, నాదొక ప్రశ్న. మాకు బళ్లారి, బాగేపల్లి వైపు లోడ్లుంటాయి. కర్ణాటకలో డీజిల్ రేటు మనకంటే తక్కువ కాబట్టి అక్కడే ఫుల్ చేయిస్తాం. ఆ డీజిల్, మన డీజిల్ ఒకటేనా? ఇంకా హైవే మీద కొన్నిచోట్ల బయోడీజిల్ అని బోర్డు పెట్టి ఇంకా చౌకగా అమ్ముతున్నారు. బీఎస్-6 లారీకి పోయొచ్చా?

డిపో రిటైర్డ్ (కర్నూలు)
కర్ణాటక డీజిల్, ఆంధ్ర డీజిల్ ఒకటే. రెండూ 10 పీపీఎం లోపే ఉండాలి. రేటు తేడా పన్నుల్లోది. గుర్తున్న ఆయిల్ కంపెనీ బంకులో ఎక్కడైనా పట్టించుకోండి. ఎక్స్‌ట్రా గ్రీన్, టర్బోజెట్ వంటి ఖరీదు రకాలకు కూడా సల్ఫర్ పరిమితి అదే, తేడా యాడిటివ్‌లలో ఉంటుంది.

బయోడీజిల్ బోర్డు ఉన్నచోట మాత్రం ఆగొద్దు. అసలైన బయోడీజిల్‌కు ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. రోడ్డు పక్కన ఆ పేరుతో అమ్మేది చాలాసార్లు పరిశ్రమల్లో వాడే నూనెల మిశ్రమం. దాంట్లో సల్ఫర్ ఎంతో, నీరెంతో ఎవరికీ తెలియదు. కిరోసిన్ లెక్క చెబుతా చూడండి. దాని ప్రమాణంలో సల్ఫర్ 2500 పీపీఎం వరకు ఉండొచ్చు. మంచి డీజిల్‌లో అలాంటి కిరోసిన్ 2 శాతం కలిస్తే చాలు, మొత్తం సల్ఫర్ సుమారు 60 పీపీఎంకు పోతుంది. బీఎస్-4 కాలం డీజిల్ కంటే హీనం. జిడ్డూ తగ్గుతుంది. లీటరుకు పది రూపాయలు మిగిలాయని సంతోషపడేలోపు క్యాటలిస్టు పోతుంది.

ఎర్రగుంట్ల సిమెంట్ లోడ్ (ఎర్రగుంట్ల)
అర్థమైంది సార్. మైలేజీ సంగతి? పాత డీజిల్‌కు మైలేజీ ఎక్కువ వచ్చేదని మా డ్రైవర్లందరూ అంటారు.

డిపో రిటైర్డ్ (కర్నూలు)
శుద్ధి చేసిన డీజిల్‌లో శక్తి సుమారు ఒక శాతం తక్కువ. అంటే లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీకి 40 మీటర్ల తేడా. డ్రైవర్ కాలు, టైర్లలో గాలి దానికంటే చాలా ఎక్కువ తేడా తెస్తాయి.

స్కూల్ బస్ ఇన్‌చార్జ్ (అనంతపురం)
మా సమస్య వేరు. బీఎస్-6 బస్సుల్లో డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది. బస్సు పవర్ తగ్గిపోతుంది. డీజిల్ మంచి బంకులోదే. డ్రైవర్లు డీజిల్‌నే తిడుతున్నారు. పిల్లలున్న బస్సు దారిలో ఆగిపోతే ఎంత భయమో చెప్పలేను.

సర్వీస్ ఇంజనీర్ (అనంతపురం)
మేడమ్/సార్, స్కూల్ బస్సులకు ఇది సాధారణంగా వచ్చే ఇబ్బందే, డీజిల్‌ను అనుమానించక్కర్లేదు. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది. సైలెన్సర్ బాగా వేడెక్కితే ఆ మసి తనంతట తానే మెల్లగా కాలిపోతుంది, దానికి 250 నుంచి 400 డిగ్రీల వేడి చాలు. హైవే లారీలకు అది మామూలుగానే జరుగుతుంది. ఊర్లో నాలుగు కిలోమీటర్లకు పది చోట్ల ఆగే బస్సు అంత వేడెక్కదు. అప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ చల్లి 550, 600 డిగ్రీలకు వేడి పెంచి మసిని కాలుస్తుంది. సరిగ్గా ఆ సమయానికి డ్రైవర్ స్కూలుకు చేరి ఇంజిన్ ఆపేస్తాడు. మళ్లీ సగంలో ఆగింది. ఇలా కొన్నిసార్లు అయ్యాక లైటు వెలుగుతుంది.

చేయాల్సిందేమిటంటే, పిల్లలను దించాక బస్సును వారానికోసారి బైపాస్ మీద ఆగకుండా అరగంట నడపమనండి. లైటు వెలిగితే బటన్ నొక్కి నిలబెట్టి కాల్చే పద్ధతి కూడా ఉంది. అప్పుడు సైలెన్సర్ దగ్గర పిల్లలు ఉండకూడదు, ఎండుగడ్డి ఉండకూడదు. పల్లెల్లో వేరుశనగ కట్టె వాము పక్కన బండి పెట్టి ఈ పని చేశారంటే నిప్పంటుకుంటుంది. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు వాడేవాళ్లు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి.

మసి కాలుతుంది, బూడిద కాలదు. అందుకే ఇంజిన్ ఆయిల్ కూడా ముఖ్యం. డీపీఎఫ్ ఉన్న బండికి ఏపీఐ సీకే-4 వంటి, తక్కువ బూడిద వచ్చే రకమే పోయాలి, మాన్యువల్‌లో రాసినదే. పాత టిప్పర్ కోసం కొన్న సీఐ-4 బకెట్ మిగిలిందని కొత్త బండికి పోస్తే డీపీఎఫ్ ఆయుష్షు తగ్గుతుంది. తక్కువ సల్ఫర్ వల్ల ఆయిల్‌లో ఆమ్లం తక్కువ చేరుతుంది, అది మనకు లాభం.

కళ్యాణదుర్గం రిగ్ (కళ్యాణదుర్గం)
డెఫ్ (బీఎస్-6 బండ్ల పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) గురించి కూడా ఇక్కడే అడుగుతా. మా బోరు రిగ్ లారీ బీఎస్-6. లోకల్‌గా కొందరు యూరియా బస్తా తెచ్చి నీళ్లలో కలిపి క్యాన్లలో అమ్ముతున్నారు, సగం రేటుకే. ఎరువు యూరియా, డెఫ్ యూరియా ఒకటే కదా?

సర్వీస్ ఇంజనీర్ (అనంతపురం)
దయచేసి పోయొద్దన్నా. డెఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీరు. కాల్షియం కిలోకి అర మిల్లీగ్రాము కూడా దాటకూడదని ప్రమాణం. మన అనంతపురం బోరు నీళ్లు ఎంత ఉప్పో మీకంటే ఎవరికి బాగా తెలుసు, ఆ నీళ్లు పైకి తెచ్చేది మీరే కదా. ఇక ఎరువు యూరియాకు 2015 నుంచి మొత్తం వేపనూనె పూత ఉంటోంది. ఆ వేపనూనె, ఆ ఉప్పు రెండూ డెఫ్‌తో పనిచేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్టు మీద పేరుకుంటాయి, చల్లే నాజిల్ మూసుకుపోతుంది. పైగా అది రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియా, దాన్ని ఇలా మళ్లించడం నేరం కూడా.

మంచి డెఫ్ కొన్నా నిల్వలో జాగ్రత్త కావాలి. 25 డిగ్రీల్లో ఏడాదిన్నర ఉండేది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే ఉంటుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో ఎంత వేడి ఉంటుందో ఆలోచించండి. నీడలో, మూత బిగించి పెట్టండి, నెలకు సరిపడా మాత్రమే కొనండి. డీజిల్ వాడిన గరాటును డెఫ్‌కు వాడొద్దు. డెఫ్‌ను పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం తిప్పకుండా ఫోన్ చేయండి. సెన్సర్లను మోసం చేసే కిట్లు బిగిస్తామని వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

ఆదోని జిన్నింగ్ (ఆదోని)
మేము జిన్నింగ్ మిల్లుకు కొత్త జనరేటర్ కొనాలి. దానికీ ఈ గొడవలన్నీ ఉంటాయా?

సర్వీస్ ఇంజనీర్ (అనంతపురం)
2023 జూలై 1 నుంచి తయారైన జనరేటర్లకు సీపీసీబీ-4 ప్లస్ అనే పొగ నిబంధన. చాలా సైజుల్లో కామన్ రైల్, సైలెన్సర్‌లో క్యాటలిస్టు ఉంటాయి. అలాగే చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి, 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త దశ వచ్చింది. కాబట్టి మంచి డీజిల్ అవసరం ఇప్పుడు లారీలకే కాదు. జనరేటర్ కొనేటప్పుడు అవసరానికి రెండింతల సైజు తీసుకోవద్దు. తక్కువ లోడు మీద నడిస్తే సైలెన్సర్ వేడెక్కదు, మసి పేరుకుంటుంది. సీజన్ అయ్యాక జనరేటర్ ట్యాంకులో మిగిలిన డీజిల్‌ను లారీలకు వాడేసి, మళ్లీ సీజన్‌కు కొత్తది పోయండి.

తాడిపత్రి టిప్పర్ (తాడిపత్రి)
డ్రమ్ముల అడుగు తీసి గాజు సీసాల్లో పట్టి చూశాం. ఒక రాత్రి కదలకుండా పెడితే రెండు డ్రమ్ముల్లో కింద నీళ్లు వేరుగా కనిపించాయి, వాటి కింద మట్టి. నాజిల్ షాప్ అన్న చెప్పినట్టే ఉంది. రెండో ఎక్స్‌కవేటర్ ట్యాంకు కూడా పూర్తిగా దించి కడిగించి ఫిల్టర్లు మార్చాం, దాని పంపు ఇంకా బాగుంది. క్వారీకి 990 లీటర్ల ఉక్కు ట్యాంకు, అడుగున నీళ్లు వదిలే వాల్వు, పంపుకు వాటర్ సెపరేటర్ ఫిల్టర్ ఆర్డర్ ఇచ్చాం. దుమ్ము పడకుండా ఫిల్టర్ పెట్టిన గాలి గొట్టం కూడా చెప్పాను. టూ-టీ సంగతి వదిలేశాం.

ఇక బౌజర్ ద్వారా క్వారీకే తెప్పించుకుందామనుకుంటున్నాం. దించుకునే ముందు నేను ఏమేం చూసుకోవాలి సార్?

డిపో రిటైర్డ్ (కర్నూలు)
ముందు బౌజర్ సీళ్లు, బిల్లు చూడండి. బిల్లులో 15 డిగ్రీల దగ్గర డెన్సిటీ రాసి ఉంటుంది. హైడ్రోమీటర్, థర్మామీటర్, మార్పిడి పట్టిక మీ దగ్గర పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. మీరు కొలిచి 15 డిగ్రీలకు మార్చిన అంకెకు, బిల్లులో ఉన్న అంకెకు ఘనపు మీటరుకు 3 కిలోల కంటే ఎక్కువ తేడా ఉంటే దించుకోవద్దు. డెన్సిటీ సరిపోయినంత మాత్రాన సల్ఫర్ సరిపోయినట్టు కాదు, కల్తీ చాలావరకు దీంట్లో దొరుకుతుందంతే. కొలకర్ర చివర వాటర్ పేస్టు రాసి బౌజర్ అడుగు దాకా దించండి, రంగు మారితే నీళ్లున్నట్టు. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రలో పట్టించండి, 25 మిల్లీలీటర్ల వరకే తేడా ఒప్పుకుంటారు. ప్రతి లోడు నుంచి ఒక లీటరు శుభ్రమైన అల్యూమినియం డబ్బాలో పట్టి, డ్రైవర్‌తో సంతకం పెట్టించి సీలు వేయండి. తర్వాతి రెండు లోడ్లు అయిపోయేదాకా దాన్ని దాచండి. పంపు పోతే వారంటీ వాళ్లకు గానీ, డీలరుకు గానీ చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ డబ్బానే.

తాడిపత్రి టిప్పర్ (తాడిపత్రి)
రేపే హైడ్రోమీటర్ తెప్పిస్తాను సార్. 990 లీటర్ల ట్యాంకు కాక రెండు డ్రమ్ములు అదనంగా పెట్టుకున్నా 2500 దాటదు కదా?

డిపో రిటైర్డ్ (కర్నూలు)
దాటదు. రెండు డ్రమ్ములూ కలిపి 400 లీటర్లు, మొత్తం 1390. వాటినీ పడుకోబెట్టండి.